వదిన గోడ

రెండు వేల పన్నెండు. వానలు అప్పుడే పట్టుకున్నాయి.

మూతపడ్డ నూలు మిల్లు వెనక వరస ఇళ్ళకు చెడ్డపేరు వచ్చింది ఆ ఏడాదే. చీకటి పడితే ఆటోవాళ్ళు సందు మొగలోనే ఆపేసేవారు. ఇక్కడే దిగి నడిచి పొమ్మనేవారు. ఎందుకయ్యా అంటే – “అక్కడ గోడ కొడుతుందండీ” అనేవారు. గోడని ఎవరో కొడతారని కాదు... గోడే కొడుతుందని.

అప్పటికి ఆ ఇళ్ళలో మనుషులు లేరు. తలుపులూ కిటికీలూ ఊడదీసుకుపోయారు. ఒక కంపెనీ ఆ జాగా తీసుకుంది. కింద దుకాణాలు, పైన ఫ్లాట్లు కడతానంది. వరసలోని వాళ్ళందరికీ రైలు కట్ట అవతల ఎత్తయిన బిల్డింగుల్లో తలా ఒక ఫ్లాటు ఇచ్చింది. అందరూ సామాన్లు సర్దుకుని వెళ్ళారు. ఇక మనుషుల్లేని ఇళ్ళలో రాత్రిపూట చప్పుడు దేనికి?

ఆ చప్పుడు మొదట విన్నవాడు రాత్రి కాపలా మనిషి. ఆయన్ని అందరూ పరుపులాయన అనేవారు. దూది ఏకి పరుపులు కుట్టడం ఆయన పని. ఆ వరసలో పుట్టిన పిల్లలంతా ఆయన కుట్టిన పరుపుల మీదే దొర్లారు, పక్క తడిపారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. ఫ్లాట్లకు పోయాక అందరూ రెడీమేడ్ పరుపులు కొనుక్కున్నారు.

కంపెనీ కాగితం మీద ఆఖరున సంతకం పెట్టినవాడు ఆయనే. ‘నేను కదలను, కావాలంటే నా మీదుగా కట్టుకోండి’ అని భీష్మించుక్కూచున్నాడు. అంతలో చలికాలంలో ఆయన భార్య పోయింది. ఆ నెలలోనే వెళ్ళి సంతకం పెట్టేశాడు. ఇంకెవరి కోసం మొండికెయ్యాలి?

తమ్ముడి ఊరు వెళ్ళిపోతున్నానని అందరికీ చెప్పాడు. వెళ్ళాడు కూడా. నిద్ర పట్టలేదు. తిరిగి వచ్చి, ఇళ్ళు కూలగొట్టే కాంట్రాక్టరు దగ్గరే కాపలా పనికి కుదిరాడు. కూలే దాకా అయినా తన ఇంట్లో తను పడుకోవచ్చని. కానీ వాడి జీతం తింటున్నానన్న సిగ్గు ఉండేది. అందుకని తల మీద తుండు కప్పుకుని చీకటి పడ్డాక వచ్చేవాడు, తెల్లారకముందే పోయేవాడు. ఆయన అక్కడున్నట్టు వరసలో వాళ్ళెవరికీ తెలియదు.

మొదటి రాత్రి... తన వంటింట్లో, నేల మీద పాత పరుపు వేసుకుని పడుకున్నాడు. ఊరంతా సద్దుమణిగింది. కాస్త కునుకు పట్టిందో లేదో –

టక్... టక్.

పక్కింటి గోడలోంచి.

ఆయన ఒళ్ళు జలదరించింది. భయంతో కాదు. ఆ రెండు దెబ్బలూ ఆయనకు తెలుసు.

ఆ వరసలో కుళాయికి నీళ్ళు అర్ధరాత్రి వచ్చేవి. ఎప్పుడు వస్తాయో ఎవరికీ తెలియదు. ముందు ఎవరింట్లో కుళాయి గుర్రుమంటుందో, వాళ్ళు పక్కింటి గోడ మీద రెండు దెబ్బలు వేసేవారు. నీళ్ళొచ్చాయి, లేవండి అని. పక్కింటివాళ్ళు తిరిగి ఒకే ఒక్క దెబ్బ వేసేవారు. విన్నాను, లేచాను అని. ఆ ఒక్క దెబ్బ పడేదాకా ఇవతలివాళ్ళు కొడుతూనే ఉండాలి. పడ్డాక మళ్ళీ కొట్టకూడదు. అవతల పసిపిల్లలుంటారు, జబ్బువాళ్ళుంటారు. ఎవరూ రాసి పెట్టలేదు గాని, ఆ పద్ధతి ఎవరూ తప్పలేదు.

ఆయన భార్య, పక్కింటావిడ – వాళ్ళిద్దరి మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడ. ఇటు తుమ్మితే అటు చిరంజీవ అనేవారు. ఆయన భార్యకి పొద్దున లేస్తే వదిన, పొద్దు గూకితే వదిన. “వండటానికి మాత్రం ఇక్కడికొస్తావు, ఉండేది అక్కడేగా. నీ చీరలు కూడా అటే పట్టుకుపో” అని ఆయన దెప్పేవాడు. “మీకు మాటలు రావు, మా వదినకి వచ్చు” అనేది ఆవిడ.

పోవడం కూడా అక్కడే పోయింది. వదిన వంటింట్లో చిక్కుళ్ళు వలుస్తూ, ఏదో చెబుతూ చెబుతూ, మధ్యలో ఆ గోడకి చేరగిలబడింది. ఆ మాట పూర్తి కాలేదు.

ఇప్పుడు ఆ గోడే.

టక్... టక్. ఆ వెనకే, ఇటుకల సందుల్లోంచి, ఊపిరంత సన్నగా –

“వదినా...”

ఆయన టార్చి పట్టుకుని చుట్టూ తిరిగి పక్కింట్లోకి వెళ్ళాడు. ఎవరూ లేరు. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. వెనక తలుపు ఉండే చోట చీకటి నిలబడి ఉంది.

తిరిగొచ్చి పరుపు మీద కూలబడ్డాడు. చచ్చిపోయాక కూడా నా కోసం రాలేదే, అనుకున్నాడు. వదిన కోసమే వచ్చింది. వదిన ఎక్కడో రైలు కట్ట అవతల ఉందని దీనికి చెప్పేదెవరు?

మర్నాటి రాత్రి మళ్ళీ అదే. టక్... టక్. వదినా.

ఆయన కాసేపు చూశాడు. ఆగలేదు. టక్... టక్. లేచి, ఇటుక ముక్క తీసుకుని, గోడ మీద ఒకే ఒక్క దెబ్బ వేశాడు.

అవతల చప్పుడు ఆగిపోయింది. ఎవరో తేలిగ్గా ఊపిరి వదిలినట్టయింది.

ఆ రాత్రి ఆయన ఆదమరిచి నిద్రపోయాడు. భార్య పోయాక అలా పడుకోవడం అదే మొదలు.

అప్పట్నుంచి అదే వరస. అవతల రెండు, ఇవతల ఒకటి. మళ్ళీ పక్కింట్లోకి తొంగి చూడలేదు ఆయన. చూస్తే లేదని తెలుస్తుంది. చూడకపోతే ఉన్నట్టే కదా. నోరు తెరిచి పలకరించనూ లేదు. మగగొంతు వింటే తను వదిన కాదని తెలిసిపోయి, వెళ్ళిపోతుందేమోనని.

ఎటొచ్చీ పనివాళ్ళు కొందరు ఆ దెబ్బలు విన్నారు. వాళ్ళ నోటి నుంచి ఆటోవాళ్ళకు, ఆటోవాళ్ళ నుంచి ఊరికి పాకింది. ఇళ్ళు పడగొట్టే మిషను డ్రైవరు, ఇద్దరు పిల్లల తండ్రి, పొద్దు వాలకముందే దిగిపోవడం మొదలెట్టాడు.

“దెయ్యం ఉన్న చోట నువ్వెందుకు బాబాయ్? అదే కాస్తుందిగా. నీ జీతం దానికిమ్మను” అన్నాడు ఒక సాయంత్రం.

“అది పగలు రాదురా. పగటి కాపలా నువ్వు చెయ్యి, నైట్ డ్యూటీ మేమిద్దరం చూసుకుంటాం.”

డ్రైవరు నవ్వాడు గాని, నవ్వు కళ్ళదాకా రాలేదు. మిషను అప్పటికి వరస మొగ నుంచి కొట్టుకుంటూ దగ్గరికి వచ్చేసింది.

“ఒరే, ఈ మధ్య గోడ ఉందే... దీన్ని ఆఖరున పడగొట్టు.”

“ఏ గోడ? నీ ఇంటికీ పక్కింటికీ మధ్యదా? రెండు పక్కలా తీసేశాక ఒంటి గోడ నిలబడదు బాబాయ్. పైన వాన.”

“నన్ను చూసి నేర్చుకోమను. నిలబడుతుంది.”

“మాట విను.”

“వినను. నువ్వు విను. ఆఖరున.”

డ్రైవరు ఆయన మొహం చూశాడు.  రెండు ఇళ్ళూ పడగొట్టి, నడుమ ఆ ఒక్క గోడనీ వదిలేశాడు. చుట్టూ మట్టి, ఇటుకలు, విరిగిన పెంకులు. మధ్యలో గోడ. ఒక పక్క పరుపులాయన వంటింటి మసి, రెండో పక్క వదిన వేయించుకున్న నీలం సున్నం. దాని అడుగునే వరస పొడుగునా పాకిన ఇనప గొట్టం, నీళ్ళది.

ఆ రాత్రి పడుకోవడానికి ఇల్లు లేదు. ఆయన ఎదురుగా ఉన్న రేకుల షెడ్డులో కూర్చున్నాడు. వాన పట్టుకుంది. రేకుల మీద ఎవరో కంకర పోస్తున్నట్టు మోత. ఆ మోతలో దెబ్బలు వినపడవేమోనని చెవులు రిక్కించుకుని ఉన్నాడు...

దభేల్‌మని నేల అదిరింది.

ఆయన వానలో పరుగెత్తాడు. గోడ లేదు. సగానికి పైగా అవతలి పక్కకి, నీలం సున్నం వైపుకి ఒరిగి పడింది. మోకాలెత్తున మొండి మాత్రం మిగిలింది. టార్చి వెలుగులో వాన తప్ప ఏమీ కనపడలేదు.

పోయింది, అనుకున్నాడు. ఇక రాదు. రావడానికి చోటేది?

అక్కడే చతికిలబడ్డాడు. ఎంతసేపో తెలియదు. వాన కాస్త నెమ్మదించింది. అప్పుడు –

టక్... టక్.

నేలలోంచి. ఇనప గొట్టం మీద.

టక్ టక్. టక్ టక్. ఎప్పుడూ లేనంత గబగబా. ఎప్పుడూ లేనంత దగ్గరగా.

“వదినా... వదినా...”

ఆయనకు దుఃఖం ముంచుకొచ్చింది. పిచ్చిది, గోడ పడిపోయిందని బెదిరిపోయింది. ఎక్కడికి పోవాలో తెలియక కొట్టుకుంటోంది. ఆయన చేత్తో తడిమి, ఇటుక ముక్క ఒకటి వెతికి పట్టుకుని, ఆ గొట్టం మీద ఒకే ఒక్క దెబ్బ వేశాడు.

ఖంగ్.

విన్నాను. లేచాను.

అడుగున చప్పుడు ఆగిపోయింది.

ఆయన ఇంకాసేపు కూర్చున్నాడు. మళ్ళీ వినపడలేదు. అన్నాళ్ళలో మొదటిసారి నోరు తెరిచి, తనకే వినపడనంత చిన్నగా అన్నాడు – “ఇంక పడుకో.”

లేచి వెళ్ళి షెడ్డులో పడుకున్నాడు.

ఒళ్ళు తెలియని నిద్ర. తెల్లారకముందు పోవలసినవాడు, డ్రైవరు వచ్చి లేపేదాకా లేవలేదు. డ్రైవరు వెనక తడి చీరతో ఒకమ్మాయి నిలబడి ఉంది. పక్కింటావిడ కోడలు. ఆయన్ని చూసి గుర్తుపట్టి తెల్లబోయింది.

“మీరా బాబాయ్‌గారూ? మీ తమ్ముడి ఊళ్ళో ఉన్నారనుకున్నామే...”

ఆయన తుండు ముందుకు లాక్కున్నాడు. “నువ్వేంటమ్మా ఇక్కడ?”

“మా అత్తయ్య రాత్రి ఇటే వచ్చింది. ఇంటికి రాలేదు.”

“ఇక్కడికా? ఎందుకు?”

“రోజూ వస్తుంది బాబాయ్‌గారూ. ఆ ఫ్లాటులో ఎప్పుడు తిప్పితే అప్పుడు నీళ్ళు. అయినా ఆవిడకి నీళ్ళ వేళకి మెలకువ వచ్చేస్తుంది. లేచాక ఇక అక్కడ ఉండలేదు. కట్ట దాటి నడిచి వచ్చేస్తుంది. మా ఆయన తలుపుకి తాళం వేస్తే, కిటికీ దగ్గర కూర్చుని ఏడ్చింది. తీసేశాం.” ఆ అమ్మాయి కొంగుతో మొహం తుడుచుకుంది. “పిన్నిగారు ఇంకా గోడవతలే ఉందంటుంది. రెండు కొడితే ఒకటి కొడుతోందట. వదిన పలుకుతోందే, నన్ను ఆపకండే అంటుంది...”

పరుపులాయన కూలిన గోడ వైపు తిరిగాడు. 

వదిన. ఆయన భార్యకి ఆవిడ వదిన. ఆవిడకి – ఆయన భార్య కూడా వదినే. అన్నేళ్ళు ఆ గోడకి అటూ ఇటూ ఒకటే పిలుపు. ఆ సంగతి ఆయనకు తెలియనిది కాదు. తట్టలేదంతే.

ఆయన లేచి వెళ్ళాడు. కుప్ప దగ్గర మోకాళ్ళ మీద పడి, ఇటుకలు ఒక్కొక్కటీ తీసి వెనక్కి విసరడం మొదలెట్టాడు. “మిషను పెడతాను, జరుగు బాబాయ్” అన్నాడు డ్రైవరు. వినలేదు. గోళ్ళు చిట్లాయి. డ్రైవరు తనూ చేతులు పెట్టాడు, ఆ అమ్మాయీ పెట్టింది.

నీలం పెళ్ళల కింద ఆవిడ కనపడింది. గొట్టానికి తల ఆనించి, పక్కకి తిరిగి పడుకున్నట్టు ఉంది. చేతిలో రాయి ఉంది.

“అరవచ్చుగా. మళ్ళీ కొట్టొచ్చుగా. రాత్రంతా ఈయన ఇక్కడే ఉన్నాడు” అన్నాడు డ్రైవరు.

“జవాబు వస్తే మళ్ళీ కొట్టరండీ, మా వరసలో” అంది కోడలు.

మధ్యాహ్నం ఆసుపత్రిలో డాక్టరు చూశాడు. పెద్ద దెబ్బలేమీ లేవు, కాళ్ళ మీద బరువు పడి కదలలేక, వాన తడికి ఒళ్ళు చల్లబడి పోయింది అన్నాడు. తెల్లవారుజాము దాకా ప్రాణం ఉందన్నాడు.