గోల్కొండ డబ్బాలో నీలం కాయ

లారీ గుద్దే ముందు, చేసిందంతా ఒప్పుకున్నాక, అవినాష్ ఫోన్‌లో చెప్పిన ఆఖరి మాట ఇది. "గోల్కొండ డబ్బా సార్, నీలం కాయ." ఆ తర్వాత బ్రేకుల చప్పుడు కూడా వినపడలేదు. బ్రేకు వేసే ఉద్దేశం ఆ లారీకి లేదు.

నార్సింగి సర్వీస్ రోడ్డులో పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకుంటున్న సమయానికి, నానక్‌రామ్‌గూడలో ఒక టవర్ సెల్లార్‌లో, జనరేటర్ గది పక్కన, చీఫ్ భీమేశ్వరరావు ఏజెంట్ తిమ్మప్పకు బ్రీఫింగ్ ఇస్తున్నాడు. తలుపు మీద పెస్ట్ కంట్రోల్ కంపెనీ బోర్డు ఉంది. అది పూర్తిగా అబద్ధమూ కాదు.

"అవినాష్ మన టెక్నికల్ సెక్షన్ వాడేనండి. మనల్నే అమ్మేశాడు. చివర్లో బుద్ధొచ్చి నాకు ఫోన్ చేశాడు."

"ఏం అమ్మినాడు సార్?"

"భార్గవిని."

తిమ్మప్ప టీ గ్లాసు కింద పెట్టేశాడు. భార్గవికి పని నేర్పింది తనే. ఏడాదిగా ఆ అమ్మాయి పరాయి దేశంలో, ఒక గూఢచారి ముఠా లోపల, వాళ్ల మనిషిలాగే బతుకుతోంది. ఆమె అసలు పేరు, అసలు ఫోటో ఒక మెమరీ చిప్‌లోకి ఎక్కించాడు అవినాష్. ఆ చిప్‌ను గోల్కొండ అనే బోర్డ్ గేమ్ చెక్క కాయలో దాచి, రాయదుర్గంలో జరిగే గేమ్స్ కన్వెన్షన్‌లో ఆ ఆట డబ్బాలో పెట్టాడు. ఇవాళ ఆ కాయ చేతులు మారితే రేపటికి భార్గవి ఉండదు.

"తీసుకోవడానికి వచ్చేవాడు ఆ ముఠా మనిషి, మార్కో," అన్నాడు చీఫ్. "వాడి దగ్గర కాన్సులేట్ కార్డుందండి. కాయ వాడి జేబులో పడిందంటే మనం తడిమి చూడలేం. గొడవ చేయడానికీ లేదు. మనం అసలు లేము కదా. లోపల మిమ్మల్ని నీహారిక కలుస్తుంది."

"ఆయమ్మ మన మనిషేనా సార్?"

"మన మనిషే. వాళ్ల మనిషి కూడా. డబుల్ ఏజెంట్ అంటే అంతే కదండీ."

"ఏ పూట ఎవరి మనిషో ఎట్ల తెలిసేది?"

చీఫ్ ఏసీ రిమోట్ కోసం వెతుక్కున్నాడు.

రాయదుర్గం మెట్రో దిగేసరికి తిమ్మప్ప కడప రియల్ ఎస్టేట్ వ్యాపారి అయిపోయాడు. మడత నలగని తెల్లచొక్కా, నుదుట కుంకుమ, మణికట్టున బంగారు రంగు వాచీ. ఆ వాచీ చిప్ ఉన్న వస్తువు దగ్గరికి రాగానే వణకాలి. హాల్లో అడుగు పెట్టగానే వణకడం మొదలుపెట్టి మరి ఆగలేదు. ఒంటి మీద మూడు చిప్పులు లేని మనిషి ఆ హాల్లో ఒక్కడూ లేడు. డిపార్ట్‌మెంట్ తెలివిని తిట్టుకుంటూ దాన్ని తీసి జేబులో పడేశాడు.

వారమంతా ఆఫీసులో కాలక్షేపం చేసినవాళ్లు శనివారం ఇక్కడికొచ్చి చెమటలు పట్టేలా పనిచేస్తున్నట్టు ఆడుతున్నారు. కార్డులకు జిడ్డు అంటుతుందని చిప్స్‌ను రెండు పుల్లలతో పట్టుకుని తింటున్నారు. తిమ్మప్పకు అందరి మీదా అనుమానమే వచ్చింది. ఇంత శ్రద్ధగా ఆడుకునే మనుషులు ఎక్కడో ఏదో దాస్తూ ఉండాలి.

నీహారిక పక్కకొచ్చి నిలబడింది. నెమలికంఠం రంగు చీర, చెవులకు పాచికల జూకాలు. దారిన పోయేవాళ్లు రెండోసారి తిరిగి చూసే మనిషి. ఈ వృత్తిలో అది లోపమని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"ఈ ఆటలో దొంగాట ఉంటుందాండి?" అంది.

"నేర్పినోళ్లను బట్టి ఉంటాది."

కోడ్ కలిసింది. అనుమానం మాత్రం తగ్గలేదు. ఆమె పాల్గొన్న గత రెండు ఆపరేషన్లూ చివరి నిమిషంలో చెడిపోయాయి.

గేమ్స్ లైబ్రరీ కౌంటర్‌లో ఐడీ కార్డు ఇస్తే ఏ డబ్బా కావాలంటే ఆ డబ్బా ఇస్తారు. కౌంటర్ వెనకాల యశస్విని. మామూలు రోజుల్లో ఏదో కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరు, ఇవాళ వాలంటీరు. గోల్కొండ డబ్బాను అప్పటికే మార్కో తీసుకుని మూలకు పోయాడు. నీలం కాయలన్నీ తిప్పి చూశాడు, గోటితో గీకాడు, ఒకదాన్ని కొరికాడు. మొహం చేదు చేసుకుని డబ్బా తెచ్చి ఇచ్చేశాడు.

వెంటనే తిమ్మప్ప తీసుకున్నాడు. ఐదు నీలం కాయలు. అన్నీ నిండు చెక్క.

అంటే తలుపులు తెరవగానే ఎవరో కొట్టేశారు. తలుపులు తెరిచేసరికే వచ్చి కూర్చున్నది నీహారిక.

హాల్లో ఉండాలంటే ఆడాలి. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తిమ్మప్ప ఒక కన్ను బోర్డు మీద, ఒక కన్ను ఆమె మీద పెట్టి ఆడాడు, ఆడినవన్నీ ఓడాడు. చివరికి గొర్రెలు పెంచే ఆటలో కూడా, పుట్టి బుద్ధెరిగి గొర్రెను ముట్టుకోని ఒక గేటెడ్ కమ్యూనిటీ జంట చేతిలో. మార్కో, నీహారిక మాత్రం గెలుస్తూ పోయారు. కాఫీ మెషిన్ దగ్గర మార్కో ఆమె చెవిలో ఏదో అన్నాడు. ఆమె నవ్వింది.

"ఏమంటాడు?" అడిగాడు తిమ్మప్ప, ఆమె ఇటు రాగానే.

"కాయ ఎక్కడా అని అడిగాడండి."

"నువ్వేం చెప్పినావు?"

"మీ దగ్గరుందేమో అన్నాను."

"అంటే నన్ను చూపించినావు."

"మీ దగ్గర లేదు కదండీ. భయమెందుకు?"

ఆమె వెళ్లిపోయింది. లేదని ఈమెకెట్ల తెలుసు అనుకున్నాడు తిమ్మప్ప.

ఓడిపోయిన గొర్రెల డబ్బా తిరిగివ్వడానికి కౌంటర్‌కు పోతే యశస్విని డబ్బా మొత్తం బోర్లించి ఒక్కొక్క గొర్రెనూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"ఏంమ్మా, మేం దొంగల మాదిరి కనబడతామా?"

"అట్ల గాదు సార్. డబ్బాల ఒక్కటి తక్కువున్నా ఆట ఖరాబ్, ఒక్కటి ఎక్కువున్నా ఖరాబ్. పొద్దుగాల ఓపెన్ చేసేటప్పుడు అన్నీ చెక్ చేస్తం. గోల్కొండలైతే ఐదుండాల్సిన నీలం కాయలు ఆరున్నయ్. ఎక్కువదాన్ని తీసి అనాథల డబ్బాల ఏసిన."

గూఢచారులకు ఒక నమ్మకం. ఒక చోట పెట్టిన వస్తువు, తీసేవాడు వచ్చేదాకా అక్కడే ఉంటుంది. ఈ మనుషుల మతంలో మాత్రం డబ్బాలో అదనపు కాయ ఉండటం పాపం. ఆ సంగతి అవినాష్‌కు తట్టలేదు, మార్కోకు తెలియదు.

"యాడుంది ఆ అనాథల డబ్బా?"

ఆమె బిస్కెట్ల డబ్బా ఒకటి చూపించింది. తప్పిపోయిన కాయలు, జత లేని పాచికలు. నీలం కాయ లేదు.

"నీలందా? ఫైనల్ సెట్ల ఒకటి తక్కువ పడితే అండ్లకెళ్లి ఇచ్చిన. ఇగో, ఫైనల్ గోల్కొండనే. గెలిచినోళ్లు ఇద్దరు కూసున్నరు. మూడో సీటు పోయినేడు గెలిచిన అవినాష్ అన్నకు. పొద్దుగాల సంది ఫోన్ ఎత్తుతలేడు. ఎవర్ని కూసోబెట్టాల్నో ఏమో, పరేషాన్ అయితున్నది."

"నేను కూసుంటా," అన్నాడు తిమ్మప్ప. అవినాష్ ఎందుకు ఎత్తడో చెప్పలేదు.

ఫైనల్ బల్ల చుట్టూ జనం. మార్కో ముందు ఐదు నీలం కాయలు. ఒకటి రంగు కాస్త ముదురు. తను వెతుక్కుంటూ వచ్చిన వస్తువును తన చేత్తోనే బోర్డు మీద తిప్పుతూ, దానికోసమే హాలంతా కళ్లతో గాలిస్తున్నాడు మార్కో.

ఆట తేలికే. వజ్రాల వర్తకుల్ని గోల్కొండ నుంచి బందరు రేవుకు చేర్చాలి. దారిలో ఎవరి కాయ మీద ఎవరు పడితే ఆ కాయ చచ్చినట్టు. చచ్చిన కాయ చంపినవాళ్ల సంచిలోకి పోతుంది. తిమ్మప్ప రేవు సంగతి వదిలేశాడు. ముదురు నీలం కాయ ఎటు పోతే అటు పోయాడు. ఆ వెంటపడటంలో తన ఎర్ర కాయలు మూడు పోయాయి.

"అంకులేంది, ఆ ఒక్క కాయ ఎంబడే పడ్డడు," అంది వెనక ఓ గొంతు.

"రియల్ ఎస్టేట్ బై. కన్నుపడ్డ ప్లాట్ ఇడ్సరు."

నవ్వారు. మార్కో నవ్వలేదు. తన కాయ వంక చూశాడు, తిమ్మప్ప వంక చూశాడు. బొటనవేలి గోరు కాయ అంచున పాకి, ఒక సన్నటి అతుకు దగ్గర ఆగింది. మెల్లగా పిడికిలి మూసుకుని లేచాడు.

"రెస్ట్‌రూమ్," అన్నాడు.

తిమ్మప్ప చెయ్యి నడుం దగ్గరి తుపాకీ మీదికి పోయింది. తప్పు తనదే. ఆబగా తరిమి తనే చూపించాడు. ఇంకో నాలుగడుగులు పడితే భార్గవి అయిపోయినట్టే.

"సార్," అంది యశస్విని ఇంగ్లీషులో, చాలా మర్యాదగా. "కాయ పెట్టి వెళ్లండి."

జనం ఒక అడుగు ముందుకు జరిగారు. ఏ దేశపు కాన్సులేట్ కార్డయినా వాళ్లకు ఒకటే. ఆట మధ్యలో కాయ పట్టుకుపోయేవాడు మనిషి కాదు.

"నా టర్న్, మార్కో," అంది నీహారిక తీయగా. "అక్కడ పెట్టు." కన్ను గీటింది.

మార్కో కాయను గడిలో పెట్టి కూర్చున్నాడు. నీహారిక తన తెల్ల కాయను రేవుకు పోయే దారి తప్పించి తెచ్చి, ముదురు నీలాన్ని చంపింది. సంచిలో వేసుకుంది. ఆ పక్క గడిలోకి పోయి ఉంటే ఆమె గెలిచేది.

కాయ చచ్చినవాడు నవ్వాడు. ఆ నవ్వు చూడగానే తిమ్మప్పకు అర్థమైంది. నీహారిక వాడి మనిషే, కాయ చేరాల్సిన చోటికే చేరింది.

రెండు ఎత్తుల్లో మార్కో గెలిచాడు. ట్రోఫీ, స్టేజీ, సెల్ఫీలు. ఆ చప్పట్లలో నీహారిక కారిడార్ వైపు నడిచింది. తిమ్మప్ప వెనకే పోయాడు. తలుపు మూసుకుంటుంటే మైకులో యశస్విని గొంతు వినిపించింది. "ఫైనల్ సెట్ల ఒక నీలం కాయ తక్కువొస్తున్నది. దొరికేదాంక ఎవరూ బయటికి పోవద్దు. డోర్లు మూస్తున్నం." ట్రోఫీతో సహా మార్కో లోపలే ఉండిపోయాడు.

పార్కింగ్ మెట్ల దగ్గర తిమ్మప్ప తుపాకీ తీశాడు.

"సంచి ఇయ్యి."

ఆమె తుపాకీని చూడనైనా చూడకుండా కాయను అతని అరచేతిలో పెట్టింది. తిమ్మప్ప దాన్ని నేల మీద వేసి మడమతో నొక్కాడు. చెక్క విచ్చుకుంది. లోపల గోరంత నల్లటి ముక్క. దాన్ని వేళ్ల మధ్య విరిచేశాడు. భార్గవి బతికింది. అయినా తుపాకీ దించలేదు.

"వాడు నీకు ఏమిస్తానన్నాడు?"

"చాలానే అన్నాడండి."

"మరి నాకెందుకిచ్చినావు?"

నీహారిక మొహం ఎర్రబడింది. "సెమీ ఫైనల్లో నేను చూడట్లేదనుకుని, కదిపిన కాయని వెనక్కి పెట్టుకున్నాడండీ వెధవ."

తిమ్మప్ప తుపాకీ దించాడు. దేశం కోసమని చెప్పి ఉంటే దించేవాడు కాదు.