జిల్లేళ్ళ బాయి కాడ పాలసొర

చింతమడక తొవ్వల జిల్లేళ్ళ బాయి ఉండె. పొద్దు గుంకినంక గాడికి ఎవ్వలు పోయెటోల్లు కాదు. బిడ్డనెత్తుకొని దుంకి సచ్చిన బాలింత ఆడనే తిరుగుతున్నదని పేరు. నవ్వకుండ్రి... విన్నదే చెప్తున్న.

నిజాం జమానా, అవుతల యుద్ధం నడుస్తుండె. రాజమల్లయ్య పెండ్లాం పద్మమ్మ కాన్పయి నాలుగొద్దులాయె, పాలు పడలె. పసిగుడ్డుకు ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"పాలసొర యాడున్నా తేరా... లేకుంటే పోరడు దక్కడు," అన్నది రాజమల్లయ్య తల్లి రామవ్వ.

పాలసొరంటే సముద్రపు చేప. చిన్న చేపల్ని తరిమి తరిమి మింగుతది. గాడ తెప్పలోల్లు గాలమేసి పట్టి, ఉప్పు రాసి ఎండబెడ్తే, ఎన్ని బండ్లు మారో సిద్దిపేట అంగడికి ఇన్ని ముక్కలొచ్చేటియి. బాలింతకు పాలు పడాలంటే గదే పెట్టాలె. రాజమల్లయ్య అంగడంత తిరిగి, దీపాలు పెట్టే యాళ్లకు నాలుగు ముక్కలు సంపాదించిండు. తువ్వాలల మూటగట్టి ఇంటి తొవ్వ పట్టిండు.

తొందరల ఒక్కటి మరిచిండు. నీసు పట్టుకొని చీకట్ల నడిస్తే మూటల బొగ్గు ముక్క ఏసుకోవాలె. లేకుంటే వాసనకు అవి ఎంటవడ్తయ్!

బాయి దగ్గర పడ్డది... ఎనుక ఎండుటాకులు గలగలమన్నయ్. ఆగిండు — చప్పుడాగింది. నడిచిండు — మళ్ల గలగల.

"అన్నా... గా సొర ఇంత పెట్టు... బిడ్డకు పాల్లేవు..."

బాలింతే! మూట ఇచ్చేస్తే కొడుకు సస్తడు, ఇయ్యకుంటే తను సస్తడు. మూటను రొమ్ముకు అదుముకొని ఇంకో నాలుగడుగులేసిండు. ఈపు మీద చల్లటి చెయ్యి పడ్డది...

మూట ఇసిరేసి, ఎనుక సూడకుండ ఉరికిండు.

ఇంట్ల రామవ్వ నెత్తి కొట్టుకున్నది. "దెయ్యానికి పెట్టి నా మనుమని నోట్ల మన్ను కొడ్తవారా?" తెల్లారంగనే కట్టె పట్టుకొని తనే బాయి కాడికి పోయింది.

బాయి పక్క కొట్టంల సొర కాల్చిన నిప్పు ఇంకా ఆరలె. పక్కన ఒకామె, ఒళ్ల పసిబిడ్డ. పేరు కొమురవ్వ. దొర గడిల వెట్టి పడలేక, పచ్చి బాలింత, పారొచ్చి గాడ దాగింది. మూడొద్దులాయె మెతుకు లేక. రామవ్వ కట్టె పారేసి, ఆమెను చెయ్యి పట్టి తోల్కచ్చింది. గంజి పోసింది. మిగిలిన రెండు ముక్కలు ఇద్దరు బాలింతలకు వండిపెట్టింది.

పద్మమ్మకు పాలు పడనే లేదు. కొమురవ్వకు పొంగినయ్. ఒక రొమ్ము తన బిడ్డకు ఇచ్చింది, ఒకటి రాజమల్లయ్య కొడుక్కు.

ఆ కొడుకును నేనే.