సొరంగం మొగలో ఎర్రకళ్ళు

రైలు పట్టాల కింద ఉన్న ఆ సొరంగం దారికి పేరు చెడి ఆరు నెలలైంది. రాత్రిపూట అందులోకి వెళ్ళిన ఆడది ఏడుస్తూ బయటికి రావాల్సిందేనట. లోపల ఎవరో దగ్గుతారట... దగ్గి దగ్గి ఏడుస్తారట... అది విన్నవాళ్ళ గొంతు కూడా పట్టేస్తుందట. ఈలలేస్తూ ఆ మొగలోనే కాపురం పెట్టిన నలుగురు వెధవలు సైతం జడిసి, రోడ్డు అవతలికి మకాం మార్చారు.

మా వదిన ఇంటికొచ్చే దారి అదే. ఆసుపత్రి లాండ్రీలో రెండో షిఫ్టు, రాత్రి పదింటికి దిగుతుంది. దెయ్యం మాట విన్నప్పట్నుంచి చుట్టూ తిరిగొస్తోంది, ముప్పావు గంట. "ఉద్యోగం మానెయ్" అని అన్నయ్య నెల్లాళ్ళుగా ఒకటే నస. ఆవిడకా, ఆ ఉద్యోగమంటే ప్రాణం. పన్నెండేళ్ళు ఇంట్లో కూర్చుని, నానా తంటాలూ పడి తెచ్చుకుంది.

"పెప్పర్ స్ప్రే కొనుక్కుంటా. అప్పుడు సరేనా?" అంది.

"దెయ్యానికి స్ప్రేనా!" అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "సరే, ఒక్క రాత్రి అందులోంచి ఏడవకుండా బయటికి రా. మళ్ళీ మానెయ్యమంటే ఒట్టు."

మర్నాడే మేమిద్దరం టార్చీల బాబాయ్ కొట్టుకెళ్ళాం. తాళాలు, టార్చీలు అమ్మే ఆయన ఈమధ్య ఈ సీసాలు కూడా పెట్టాడు. మూడు రకాలు తీసి బల్ల మీద పేర్చాడు.

"ఇది పొగలా విచ్చుకుంటుందమ్మా. గురి అక్కర్లేదు, కానీ ఎదురుగాలి ఉంటే ముందు మన కళ్ళే పోతాయి. ఇది ధారలా దూరం వెళ్తుంది, గురి కావాలి. ఇది జిగురులా అతుక్కుంటుంది."

"దెయ్యం మీద పనిచేస్తుందా?" వదిన అడిగింది.

"దానికి కళ్ళుంటే పనిచేస్తుంది," అన్నాడు, మొహంలో నవ్వన్నది లేకుండా.

నేను ధార అన్నాను. వదిన వింటేనా! గురి చూసేంత ధైర్యమే ఉంటే ఇదంతా ఎందుకని పొగ సీసా తీసుకుంది.

"ఇంట్లో మాత్రం నొక్కకండి," బాబాయ్ హెచ్చరించాడు. "మనిషి తిరగని చోట ఒక్కసారి నొక్కి చూసుకోండి."

మనిషి తిరగని చోటు... మా ఊళ్ళో ఒక్కటే ఉంది.

ఆ రాత్రి వదిన సొరంగంలో అడుగుపెట్టింది. లైటు లేదు. అవతలి కొస నుంచి గాలి మొహాన కొడుతోంది. సగం దూరం వెళ్ళిందో లేదో — గొంతు పట్టేసింది. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి. చేతిలో సీసా మూత కూడా తీయలేదు...

దగ్గు వినిపించింది.

తనది కాదు.

గోడ వారగా ఓ తెల్లటి ఆకారం, వంగి, వెక్కుతోంది. వదిన సీసా ఎత్తింది. ఆకారం కూడా చెయ్యెత్తింది. ఆ చేతిలోనూ సీసా!

"ఎవరు...?"

"నేనండీ... ఎక్స్-రే గదిలో చేస్తాను..." తెల్లకోటావిడ ఏడుస్తూనే గుసగుసలాడింది. "ఇవాళే కొన్నా. ఎవరూ తిరగరు కదాని ఇక్కడ నొక్కి చూశానండీ..."

ఇద్దరూ అక్కడే చతికిలబడి లెక్క చూసుకున్నారు. పోయిన వారం స్టేషన్లో టికెట్లిచ్చే ఆవిడ, అంతకుముందు కుట్టుమిషన్ అక్క — అందరూ ముందు ఆ వెధవలకో, తర్వాత దెయ్యానికో భయపడి బాబాయ్ దగ్గర కొన్నవాళ్ళే. అందరూ ఇక్కడికొచ్చి నొక్కినవాళ్ళే. వెనకాల వచ్చినవాళ్ళు ఏడ్చి, భయపడి, మళ్ళీ బాబాయ్ కొట్టుకి!

నవ్వలేక, దగ్గలేక, జుట్టు విడిపోయి, ఎర్రకళ్ళతో ఇద్దరూ బయటికొచ్చారు. రోడ్డు అవతల ఆ నలుగురు వెధవలూ కెవ్వుమన్నారు. పరుగో పరుగు. వాళ్ళకంటే ముందు, మొగ పక్క చీకట్లోంచి ఇంకెవరో దూకి పరిగెత్తారు. ఒక చెప్పు వదిలేసి మరీ.

వదిన ఇంటికొచ్చేసరికి అన్నయ్య నిండా దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఆవిడ కళ్ళింకా ధారలు కడుతున్నాయి. పందెం ప్రకారం ఓడినట్టే. నిజం చెబితే గెలుస్తుంది, కానీ తెల్లారేసరికి ఆ వెధవలు మళ్ళీ మొగలోకి వచ్చి కూర్చుంటారు.

వదిన నిజం దాచేసింది. మొగ దగ్గర దొరికిన చెప్పు తెచ్చి మంచం పక్కన పెట్టింది.

"ఇది మీదేనా అండీ?"

దుప్పటి ఇంకాస్త బిగుసుకుంది. ఉద్యోగం మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

మీరు ఆడవాళ్ళు కాబట్టి చెప్పాను. బయటికి పొక్కనివ్వకండి. ఆ వెధవలు తిరిగి రాకుండా నెలకొకరం సొరంగంలోకి వెళ్ళి సీసా నొక్కి వస్తున్నాం... ఈ నెల వంతు నాది.