నాలుగో గుంత

ఆ పొద్దున కామాఠిపురాలో వలస కూలీలుండే గదుల చాల్‌లో నల్లా వచ్చింది, బిందెల దగ్గర కొట్లాట అయింది, చాయ్ మరిగింది. అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. రత్నాబాయి మాత్రం నాలుగోసారి జడ విప్పి వేసుకుంటోంది. మరి కంగారు ఉండదా? నాగ్‌పాడాలోని ఖాళీ జాగాలో నాలుగంతస్తుల ఆఫీసు కట్టొచ్చో లేదో తేల్చే రిపోర్టు ఆమె సంచిలో ఉంది. సివిల్ డిప్లొమా చదివిన పిల్ల, ఉద్యోగంలో చేరి ఆరు నెలలు, రాసిన మొదటి రిపోర్టు. పదింటికి ఇంజినీరు సాబ్ ఆ జాగాకే వస్తానన్నాడు.

మూడు చోట్ల గుంతలు తవ్వి నేల చూశారు. మూడింట్లోనూ నాలుగడుగులకే గట్టి మొరం తగిలింది. తవ్వించింది వేరెవరో కాదు, ఆమె తండ్రి రాజలింగమే. ముప్పై ఏళ్లుగా కూలీల ముఠాను నడిపించే ముకద్దం. ఎక్కడెక్కడ తవ్వాలో దగ్గరుండి చూపించాడు. నాయిన తన కోసం ఎంత శ్రద్ధ పెట్టాడో అని రత్న మురిసిపోయింది కూడా.

గడప దాటుతుంటే తల్లి నర్సమ్మ చేతిలో పసుపు పొట్లం పెట్టింది.

"ఆడికే పోతున్నవ్ గద బిడ్డా. గోడ పక్కన గంగమ్మ మీద ఇంత చల్లు. ఈ ఏడు నాకు పోనీకి కాలే."

అక్కడ గంగమ్మ ఎక్కడిదే అని రత్న నవ్వింది. నర్సమ్మ మామూలుగానే చెప్పుకొచ్చింది. అక్కడ పెద్ద బావి ఉండేదట. ఆ జాగా సేటు మూసెయ్యమంటే ఇటుక ముక్కలూ బూడిదా చెత్తా పోసి పూడ్చారట. బావిని మూస్తే గంగమ్మకు కోపమొస్తుందని ఆడవాళ్లంతా పసుపు చల్లి, చేతి గాజులు తీసి అందులో వేశారట.

"పూడ్చింది మీ నాయిననే. నీకు చెప్పలేదా?"

రత్న చప్పున తండ్రి వైపు తిరిగింది. చాయ్ సాసర్ రాజలింగం పెదాల దగ్గరే ఆగిపోయింది. అతను తలెత్తలేదు. ఆ తల చూశాక ఇంక అడగాల్సింది ఏముంది?

అయినా అడిగింది. అతను నసుగుతూ చెప్పాడు. మెత్తని నేల చూపిస్తే సాబ్‌లు పని ఆపేస్తారు. అందుకే ఏ ముకద్దమైనా గట్టి చోటే తవ్విస్తాడు, అది ఎప్పటినుంచో ఉన్నదే. పాలమూరులో వానలు లేక తమ ఊరి కిష్టయ్యతో పద్దెనిమిది మంది వచ్చి ఈ చాల్ వరండాలోనే పడుకుంటున్నారు. ఆఫీసు లేస్తే వాళ్లకు రెండేళ్ల తిండి.

"పునాది తవ్వనీకి దిగేది గూడ ఆల్లే గద నాయినా," అంది రత్న. "మట్టి జారితే ఎవల మీద పడతది?"

చాయ్ ముట్టకుండా వెళ్లిపోయింది.

జాగాలో సాబ్ ముందు రిపోర్టు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పేసింది. సాబ్ మొహం మాడిపోయింది. తిట్టడానికి నోరు తెరిచేలోగా గేటు లోంచి రాజలింగం వచ్చాడు. భుజాన గడ్డపార, వెనక నర్సమ్మ, కిష్టయ్య మనుషులు. ఎవరి మొహమూ చూడలేదు. గోడ నుంచి తొమ్మిది అడుగులు లెక్కపెట్టి నడిచి, అక్కడ గీత గీశాడు.

ఏడడుగులు తవ్వినా మొరం జాడ లేదు. బూడిద, పెంకులు, ఇటుక ముక్కలు. ఒక పక్క మట్టి జరజరా జారింది. దిగినవాణ్ని రెక్క పట్టుకుని పైకి లాగారు. వాడి పిడికిట్లో మట్టితోపాటు పచ్చ గాజు ముక్క వచ్చింది. నర్సమ్మ కళ్లు తుడుచుకుంది.

కిష్టయ్య గుంత అంచున కూలబడ్డాడు.

"అన్నా, మా పోరగాల్లను ఇందుల దింపుతుంటివా?"

రాజలింగం గడ్డపార కింద పెట్టేశాడు. ముప్పై ఏళ్లలో ఎవరూ అతన్ని ఆ మాట అడగలేదు.

ఇక్కడ ఈ కట్టడం కుదరదు, వానాకాలం పోయాక మళ్లీ చూద్దామని సాబ్ తేల్చేశాడు. కూలీలు తట్టలు సర్దుకున్నారు.

రత్న ఇటుకల మీద కూర్చుని రిపోర్టులో నాలుగో గుంత కలుపుతోంది. రాజలింగం వచ్చి పక్కన నిలబడ్డాడు.

"జాగ చూపినోడు రాజలింగం అని రాయి బిడ్డా. మొదటి మూడు గుంతల కింద గూడ."

రత్న లేచి అతని భుజం మీద తల ఆనించి ఏడ్చేసింది. అతని చొక్కా అంతా బూడిద. కాసేపయ్యాక కళ్లు తుడుచుకుని, నాలుగు చోట్లా తండ్రి పేరు రాసింది. అతను నాలుగింటి పక్కనా వేలిముద్ర వేశాడు.