ఊరు లేచి నిలబడిన క్యాంపర్‌వ్యాన్

“దీన్ని క్యారవాన్ అనరండీ.”

నమస్కారం లేదు, కూర్చోమనడం లేదు. వ్యాన్ చూపించి క్యారవాన్ అన్నందుకు, మొదటి మాటే తప్పు దిద్దడం. నల్లపాడు స్టేషన్ దగ్గర రేకుల షెడ్డులో, మోచేతుల దాకా గ్రీజుతో నిలబడ్డ ప్రసన్నకుమార్‌ని చూసి షారోన్‌కి ఒళ్ళు మండింది. బ్రాడీపేటలో ట్రావెల్ ఆఫీసు ఉద్యోగం మానేసి, టూర్లకి వెళ్ళే కుటుంబాలకి బండి అద్దెకిచ్చే వ్యాపారం సొంతంగా పెట్టబోతోంది ఆమె. అలాంటి మనిషికే పాఠాలా?

“మరేమంటారో తమరే సెలవివ్వండి,” అంది.

“క్యారవాన్‌కి ఇంజనుండదండీ. కారు వెనకాల తగిలించుకుని లాక్కెళ్ళాలి. మన పల్లెటూరి రోడ్డు మీద ఎదురుగా పత్తి ట్రాక్టరొచ్చిందనుకోండి, రివర్స్ చేసుకునేసరికి తెల్లారుద్ది. లారీ ఛాసీ మీద బాత్రూం, వంటిల్లు, మంచాలు అన్నీ కడితే మోటార్‌హోం. సుఖమేగానీ మన సందుల్లో తిరగదు. మామూలు వ్యాన్ లోపలే మంచం, పొయ్యి, సింకు సర్దితే క్యాంపర్‌వ్యాన్. మీకు పనికొచ్చేది అదే. కాకపోతే లోపల మెడ వంచుకుని నిలబడాలి.”

“మెడ వంచడం నాకు అలవాటు లేదు.”

“తెలుస్తానే ఉంది. పాప్‌టాప్ పెడతాను. బండి ఆపాక కప్పు పైకి లేస్తుంది.”

పెదవులు నవ్వలేదు, కళ్ళు నవ్వాయి. షారోన్ ఆ కళ్ళ మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించింది.

తర్వాత రెండు నెలలూ ప్రతి శనివారం ఏదో ఒక వంక పెట్టుకుని షెడ్డుకి వెళ్ళింది. కర్టెన్ల రంగు మూడుసార్లు మార్చి, చివరికి మొదటి రంగే ఖాయం చేసింది. అతను విసుక్కోకుండా మూడుసార్లూ తలాడించాడు. ఒకరోజు టీ తాగుతూ అడిగింది, “ఇంతకీ ఈ బండి ఎక్కడిదండీ?”

“పాత స్కూల్ వ్యానండీ,” అన్నాడు.

అబద్ధం చెప్పే మనిషి కాడు అనుకుంది. అలా అనుకోవడం ఆమెకి ఎంతో ఇష్టంగా కూడా ఉంది.

జనవరి ఆఖర్లో ఓ పొద్దున బండి సిద్ధమైంది. ట్రయల్‌కి సాగర్ దాకా వెళ్ళి సాయంత్రానికి వచ్చేయాలని బయల్దేరారు. సత్తెనపల్లి దాటగానే మంచు కమ్మేసింది. రోడ్డుకి రెండు పక్కలా కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రగా కనిపించి మాయమవుతున్నాయి. ఘాటుకి గొంతు గరగరలాడింది.

మొదటి ఊరు వచ్చింది. ప్రసన్నకుమార్ రెండు చిన్న హారన్లు కొట్టి బండి నెమ్మదించాడు. టీ బంకు దగ్గర పది మంది కూర్చుని గట్టిగా వాదించుకుంటున్నారు. వాళ్ళ మాటలు టక్కున ఆగిపోయాయి. ఒకరి తర్వాత ఒకరు లేచి నిలబడ్డారు. భుజాల మీది కండువాలు తీసి చేతుల్లో పట్టుకున్నారు. ఎవరూ బండి వంక చూడలేదు, నేల వంక చూస్తున్నారు.

“మీకు తెలిసినవాళ్ళా?” అంది షారోన్.

“కాదండీ.”

రెండో ఊళ్ళోకీ అలాగే రెండు చిన్న హారన్లు కొట్టి నెమ్మదిగా పోనిచ్చాడు. కళ్ళం దగ్గర ఆడవాళ్ళు మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. పక్కన ఫోన్లో పాట మోగుతోంది. బండి దగ్గరికి రాగానే ఎవరో పాట ఆపేశారు. అందరూ లేచి కొంగులు తలమీదికి లాక్కున్నారు. ఒకామె తన పక్కనున్న పసిపిల్ల ముఖాన్ని చీరలో దాచేసింది. బండి దాటాక షారోన్ అద్దంలోంచి చూసింది. మంచులో వాళ్ళింకా అలాగే నిలబడి ఉన్నారు, ఒక్కరూ కదల్లేదు.

ఆమె అతని వైపు తిరిగింది. ప్రసన్నకుమార్ ముఖంలో రంగు లేదు.

మూడో ఊరి చివర రేడియేటర్‌లో నీళ్ళు పోయాలని అతను సీసా పట్టుకుని బోరింగు వైపు వెళ్ళాడు. నాలుగడుగులు వేసేసరికి మంచు అతన్ని మింగేసింది. షారోన్ ఒక్కతే కూర్చుంది.

వెనక తలుపు మీద ఎవరో కొట్టారు. రెండుసార్లు, చాలా మెల్లగా.

అద్దంలోకి చూసింది. ఒక ముసలాయన తలుపు పక్కనుంచి నెమ్మదిగా ఆమె కిటికీ దగ్గరికి వచ్చాడు. కండువా చేతిలో ఉంది.

“ఎవరమ్మా?” అన్నాడు.

“నా పేరు షారోనండీ. గుంటూరు.”

“నువ్వు కాదు తల్లీ. వెనకాల ఎవరని.”

“వెనకాల ఎవరూ లేరండీ.”

ముసలాయన రెండడుగులు వెనక్కి వేశాడు. “ఖాళీగానా? ఖాళీగా ఊళ్ళోకి రాకూడదమ్మా. మరి ఎవరి కోసం వచ్చినట్టు?”

“ఇది... ఇది ఏం బండి అనుకుంటున్నారు మీరు?”

“శవాల బండి కాదూ?”

వెనకాల షారోన్ రంగు ఎంచిన కర్టెన్లు, తను దుప్పటి పరిచిన మంచం. ఆ మంచం మీద ఎవరో పడుకుని తన వీపు వంకే చూస్తున్నట్టనిపించింది. వెనక్కి తిరిగే ధైర్యం లేక తలుపు తోసుకుని రోడ్డు మీదికి దూకింది.

ప్రసన్నకుమార్ నీళ్ళ సీసాతో పరుగున వచ్చాడు. “ఏమైందండీ?”

“స్కూల్ వ్యానన్నావు!” ఆ కోపంలో మీరు అనడం మర్చేపోయింది. “శవాలు మోసిన బండి నా నెత్తిన పెట్టావా? పిల్లలు పడుకునే మంచం అది!”

“దేవుడి తోడండీ, స్కూల్ వ్యానే. సీట్ల కింద పిల్లలు గీకిన పేర్లు ఇంకా అట్టాగే ఉన్నాయి, రండి చూపిస్తా.”

“మరి వీళ్ళంతా ఎందుకు లేచి నిలబడుతున్నారు?”

“నాకు తెలీదండీ. నాకూ భయంగానే ఉంది.”

బండి పోతే ఇంకో బండి కట్టించుకుంటుంది. ఈ మనిషి అబద్ధమాడాడంటే మాత్రం ఇన్ని శనివారాలు ఏమైపోవాలి? ఆమెకి ఏడుపొచ్చేసింది.

ముసలాయన దగ్గరికొచ్చి ప్రసన్నకుమార్ ముఖంలోకి తేరిపార చూశాడు. “అబ్బాయ్, నువ్వు జయరావు కొడుకువి గదూ? నేను యలమందని. మా తమ్ముణ్ణి పెద్దాసుపత్రి నుంచి తెచ్చింది మీ నాన్నే.”

“అవునండీ.”

“అదీ సంగతి. బండి మారిందిరా, తోలడం మారలా. ఊరి మొదట్లో రెండు చిన్న హారన్లు, ఊరు దాటేదాకా మనిషి నడక. జయరావు అట్టాగే తోలేవాడు. ఆ హారన్లు వింటే ఈ రోడ్డున అందరం లేస్తాం. ఎవరిదో శవం వచ్చిందనేగా!”

ప్రసన్నకుమార్ తన చేతుల వంక చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు.

“నాన్న ఇరవై ఏళ్ళు శవాల బండి తోలాడండీ,” అన్నాడు. “నాకు డ్రైవింగ్ నేర్పింది అందులోనే. కరోనాలో ఎవరూ రాకపోతే ఇద్దరం వంతులేసుకుని తోలాం. ఆఖరికి నాన్ననీ నేనే తీసుకెళ్ళా. ఆ రోజే ఆ బండి వదిలేశా. తోలడం మాత్రం నాకు అదొక్కటే వచ్చు. అట్టా తోలుతున్నానని కూడా తెలీదు. అందుకే ఈ బండికీ జనం లేస్తుంటే భయమేసింది.”

అతన్ని అంత మాట అన్నందుకు షారోన్‌కి సిగ్గేసింది. అంతకు మించి, అతనంటే తట్టుకోలేనంత ప్రేమ కలిగింది. ఆమె కళ్ళు తుడుచుకుని డ్రైవర్ వైపు తలుపు తీసింది.

“ఎక్కు. అటు పక్కన. నేను తోలతా.”

“మీకొచ్చా?”

“వచ్చు. ఊళ్ళోకి ఎట్టా పోవాలో నేర్పుతా, చూడు. హారనంటే పెళ్ళివారొచ్చినట్టుండాలి.”

“ఎవరి పెళ్ళండీ?”

“మాటవరసకి అన్నా. నోర్మూసుకుని కూర్చో.”

తర్వాతి ఊరు మొత్తం అదిరిపోయేలా హారన్ కొట్టింది. కుక్కలు మొరిగాయి, కోళ్ళు చెదిరాయి, బడికెళ్ళే పిల్లలు కేకలేస్తూ చేతులూపారు. ఎవరూ లేచి నిలబడలేదు. మంచు కూడా విచ్చుకుంటోంది. ప్రసన్నకుమార్ ఈసారి పెదవులతో కూడా నవ్వాడు.

ఊరి చివర కళ్ళంలో నడుం వంచి మిరపకాయలు తిరగేస్తున్న ముసలామె ఒకతి తలెత్తింది. బండిలో కూర్చున్నవాళ్ళని చూసి చరచరా వచ్చి రోడ్డుకి అడ్డంగా నిలబడింది. షారోన్ బ్రేకు తొక్కింది. నెమ్మదిగా రాలేదు, చిన్న హారన్ కొట్టలేదు, మరి ఈమెందుకు ఆపింది?

ముసలామె ప్రసన్నకుమార్ కిటికీ దగ్గరికి వచ్చింది. “నేను సుబ్బరావమ్మని. కరోనాలో మా ఆయన్ని తెచ్చింది నువ్వే గదా. అయినవాళ్ళెవరూ గడప దాటి రాలేదయ్యా ఆ రోజు. నువ్వే భుజం పట్టావు.”

అతను తలాడించాడు. ఆమె మెడ చాచి వెనక మంచం వంక చూసింది. అది ఖాళీగా ఉంది. తర్వాత షారోన్ వంక చూసింది, చాలాసేపు.

“ఈసారి బతికున్న మనిషిని తెచ్చావా నాయనా,” అంది.

ఇద్దరినీ దింపి, కళ్ళం గట్టునే కూర్చోబెట్టి, ఇంట్లోంచి వేడివేడి దిబ్బరొట్టె తెప్పించి పెట్టింది. తన తండ్రి పోయినప్పుడు కూడా ఏడవని ప్రసన్నకుమార్ ఆ రొట్టె తింటూ ఏడ్చాడు. మిరప ఘాటని షారోన్‌తో చెప్పాడు. ఆమె నమ్మినట్టే తలూపింది.

బండెక్కుతుంటే సుబ్బరావమ్మ తలుపు పట్టుకుంది. “మళ్ళీ రండి,” అంది.

ప్రసన్నకుమార్ ఎక్కబోయినవాడల్లా ఆగిపోయాడు. శవాన్ని దించి వెళ్ళేవాణ్ణి మళ్ళీ రమ్మని ఏ ఇంట్లోనూ అనరు. ఇరవై ఏళ్ళు ఆ బండి తోలిన జయరావు ఏ గుమ్మంలోనూ ఆ మాట వినకుండానే పోయాడు.

షారోన్ అతని చెయ్యి పట్టుకుంది.

“వస్తాం మామ్మగారూ,” అంది. “ఇద్దరం వస్తాం.”