ఇసుక చల్లే చెయ్యి

మిట్టమధ్యాహ్నానికి ఇంకా కాస్త టైముంది. వెర్లిండా ఎడారిలోని ఇరుకు రాతిలోయ మొదట్లో పికప్ ఆపి, కెమెరా స్టాండు భుజానికెత్తుకుంది. బండిలో కూర్చుని రొట్టె నములుతున్న పిన్ని రోస్‌బెల్ ఊరుకోలేదు.

"ఇవాళ టూరిస్టులు కూడా లేరు కదే. ఆ రాళ్లకి పెళ్లి సంబంధాలేమైనా చూస్తున్నావా, ఇన్ని ఫొటోలు?"

"ఒక్కటి మంచిది పడనీ పిన్నీ, వచ్చేస్తా."

"లోపల నీలో నువ్వు మాట్లాడుకోకు. పోయినవాణ్ణి పేరుతోనూ పిలవకు, వరసతోనూ పిలవకు. పిలిస్తే వచ్చేది వాడు కాదు."

పోయినవాడు వెర్లిండా అన్న. రెండేళ్ల కిందట, ఆ రోజు ఇక్కడ చినుకైనా పడలేదు. ఎక్కడో ఎగువన కురిసిన వాన వరదై ఈ ఇరుకు సందులోకి దూసుకొచ్చి అతన్ని ఎత్తుకుపోయింది. శవం కూడా దొరకలేదు. ఆనాటి నుంచి ఇంట్లో ఎవరూ అతని పేరెత్తలేదు, ఎత్తకూడదు కూడా. కలిసి తలుచుకోవడానికి ఒక్క మనిషి లేకపోవడం ఆమెకి చావుకన్నా కష్టంగా ఉండేది.

లోపల చల్లగా, చీకటిగా ఉంది. ఎర్రటి గోడలు రెండు పక్కలా భుజాలకి రాసుకుంటున్నాయి. పైన చీలికలోంచి ఎండ దిగే చోట ఆమె స్టాండు నిలబెట్టింది. ఆ ఎండ ఊరికే కంటికి కనపడదు. ఒకరు ముందుకెళ్లి గాల్లోకి ఇసుక చల్లాలి. ఆ దుమ్ము తేలుతున్నంతసేపే వెలుగు స్తంభంలా నిలబడుతుంది. అన్న చల్లేవాడు, ఆమె కెమెరా నొక్కేది. ఇప్పుడు తనే చల్లి, తనే పరిగెత్తుకొచ్చి నొక్కాలి. వచ్చేసరికి దుమ్ము అణిగిపోతోంది.

చాలాసార్లు ప్రయత్నించింది. విసుగొచ్చింది. కెమెరాలో కన్నుపెట్టి, పాత అలవాటుగా అనేసింది.

"వెయ్యన్నా!"

అన్నాక నాలుక కరుచుకుంది.

సర్ర్‌మని ఇసుక రాలింది. ఎదురుగా వెలుగు నిటారుగా లేచి నిలబడింది. అంత చక్కటి కిరణం ఆమె ఎన్నడూ చూడలేదు. వేలు దానంతటదే నొక్కేసింది.

గాలి లేదు... పైన ఎవరూ లేరు... ముందు వైపు అడుగుజాడలు ఆమెవే.

మళ్లీ ఇసుక పడింది. ఈసారి ఆమె అడగలేదు. బురదనీటి వాసన వచ్చింది. వెంటనే పారిపోవలసింది. కానీ పక్కన ఇంకొకరు పనిచేస్తున్న చప్పుడు విని రెండేళ్లయింది. భయంకన్నా ముందు ఏడుపొచ్చింది.

"బాగా పడిందా...?" చీకట్లోంచి గుసగుస.

గొంతు అన్నదే. కానీ అన్న అలా ఎప్పుడూ అడగలేదు. "తొందరగా నొక్కవే మొద్దూ" అనేవాడు. ఆ మెత్తదనానికి ఆమె ఒళ్లు జలదరించింది. కెమెరా అక్కడే వదిలేసి, మోచేతులు గీరుకుపోతున్నా ఆగకుండా బయటికొచ్చి పడింది.

పిన్ని ఆమె మొహం చూసింది. బండి స్టార్ట్ చేసింది. ఇంటికొచ్చాక దేవదారు ఆకు పొగ వేసి, తల నుంచి కాళ్లదాకా పట్టించింది.

"దానికి బదులు పలికావా?"

"లేదు. వాడే అడిగాడు."

"బతికిపోయావు. కొన్నాళ్లు ఏమడిగినా పలక్కు. పలికావా, ఇక అది నిన్ను వదలదు."

మర్నాడు పిన్ని గొర్రెలు తోలుకుని వెళ్లింది. మట్టి ఇంట్లో వెర్లిండా ఒక్కతే మిగిలింది. తలుపు వేసి ఉంది, పొయ్యి ఆరిపోయి ఉంది. కాఫీ చల్లారిపోయినా తాగాలనిపించలేదు. ఎవరితోనైనా ఒక మాట చెప్పుకోవాలనిపించింది. ఎవరితో?

సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. ఇంటి కప్పు మధ్య పొగ పోయే కంతలోంచి ఎండ దిగింది.

ఎండ కనపడుతోంది. నేలదాకా... నిటారుగా... స్తంభంలా. అందులో ఎర్రటి రేణువులు మెల్లగా దిగుతున్నాయి.

"బాగా పడిందా...?"

తలుపు రెండడుగుల దూరంలోనే ఉంది. వెర్లిండా తలుపు వైపు చూసింది. బయట ఎడారి, గొర్రెలు, అతని పేరెత్తని మనుషులు. ఆమె కళ్లు తుడుచుకుంది.

"ఇంకొంచెం ఎడమకి, అన్నా," అంది మెల్లగా.

ఇసుక ఎడమకి జరిగింది.

ఒక్క క్షణం ఆగి, ఇంకో చెయ్యి చల్లుతున్నట్టు, కుడి పక్క నుంచి కూడా పడడం మొదలుపెట్టింది.