కణితికి మేత

బుధవారం ఉదయం పేరమ్మ గుణదలలో తమ్ముడి ఇంటి ముందు ఆటో దిగింది. చల్లపల్లి నుంచి రావడం ఆమెకు కొత్త కాదు. కబురు చేయకుండా రావడమే కొత్త.

తమ్ముడు గంగరాజుకు పేగులో కణితి. మూడు కీమోలు అయ్యాయి. నాలుగోది డాక్టరు వాయిదా వేశాడు. రెండు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గిన మనిషికి ఆ మందు ఎక్కించలేనన్నాడు. మరి వారం వారం తను బస్సులో పంపే కొరమీనులు ఎవరి కడుపులోకి పోతున్నట్టు?

గేటు దగ్గరే పక్కింటి శౌరమ్మ పలకరించింది.

"మీరు పంపే చేపలు ఎంత రుచండీ! ఉషగారు మొత్తం మాకే ఇచ్చేస్తారు, పాపం."

పేరమ్మ ఒళ్ళు మండిపోయింది. నేరుగా వంటింట్లోకి నడిచింది. మరదలు ఉష పళ్ళెంలో జావ, ఉడికించిన సొరకాయ ముక్కలు పెడుతోంది. పప్పు లేదు, గుడ్డు లేదు, మజ్జిగ చుక్కయినా లేదు.

"నా తమ్ముణ్ణి పస్తులు పెడుతున్నావా? వాడు పోతే నీకేం కలిసొస్తుందే?"

ఉష గరిటె పక్కన పెట్టింది. "అంత మాట అనకండి వదినా. చేపలో, గుడ్డులో, పప్పులో ఉండే అమైనో ఆమ్లాలే కణితికి మేతంట. అవి తగ్గిస్తే ఎలుకల్లో కణితి చిక్కిపోయిందని ఫోన్లో వీడియో చూశాను. ఆయనకీ తగ్గుతుందని..."

"కథలు బాగానే అల్లావు!"

లోపలి గదిలోంచి గంగరాజు నీరసంగా పిలిచాడు. "అక్కా, దాన్నేమీ అనకు. నాతో చెప్పే చేసింది."

పేరమ్మకు నమ్మకం కలగలేదు. "ఆ ముక్క ఆస్పత్రిలో చెబుదువుగాని, పద" అని మరదల్ని వెంటబెట్టుకు వెళ్ళింది.

ఆస్పత్రిలో పథ్యం చెప్పే ఫరహత్ ఉష మాటలు ఓపిగ్గా వింది.

"మీరు చూసింది పూర్తిగా అబద్ధం కాదమ్మా. ఒకటి రెండు అమైనో ఆమ్లాలు తగ్గిస్తే ఎలుకల్లో కొన్ని కణితులు నెమ్మదించాయి. కానీ మన కండకీ అవే కావాలి. అవి చాలకపోతే ఒళ్ళూ కరిగిపోతుంది. మనుషుల విషయం ఇంకా తేలలేదు. మీవారు ఇలా చిక్కిపోతే కణితికి వేసే మందే తట్టుకోలేరు. మళ్ళీ చేప, గుడ్డు, పప్పు పెట్టండి."

ఉష బల్ల మీద కూలబడిపోయింది. "నా చేతులారా నేనే ఆయన్ని..." అంటూ వెక్కివెక్కి ఏడ్చింది.

పేరమ్మ అనుమానం అక్కడితో చచ్చిపోయింది. సిగ్గుతో మరదల్ని దగ్గరకు తీసుకుంది. చీర కింద భుజం ఎముకలు చేతికి తగిలాయి. ఉలిక్కిపడి మొహంలోకి చూసింది.

"నువ్వేం తింటున్నావే?"

"ఆయన జావ తాగుతుంటే నాకు ముద్దెలా దిగుతుంది వదినా?"

పేరమ్మ కళ్ళు తుడుచుకుని ఫరహత్ వైపు తిరిగింది.

"అమ్మా, మా పిల్ల బరువు కూడా ఒకసారి చూడండి."